నెల పట్టాక వచ్చిన ఉత్తరాలు

ధనుర్మాసం మొదలై వారం దాటింది. మా కాలవగట్టు మీద ఆరున్నరైనా అవతలి ఒడ్డు కొబ్బరిచెట్ల మొదళ్లు కనబడవు, తలలు మాత్రం మంచులో తేలుతుంటాయి. తొలిపంట సార్వా ధాన్యం ఇళ్లకు చేరింది, రెండో పంట దాళ్వా నారుమళ్లు పచ్చబడ్డాయి. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ వీధరుగు మీద కూచుని చదివాను. ఒక పక్క ఆరేళ్ల మనవడు గుమ్మడిపువ్వులు లెక్కపెడుతున్నాడు, ఇంకో పక్క ఏడాదిన్నర మనవరాలు వాటి రేకులు తుంచుతోంది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లాక పగలంతా వీళ్లిద్దరూ నా దగ్గరే. అందుకేనేమో, చిన్నపిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను.

ప్ర: టీచరుగారూ, ఏటా మా అమ్మే అరిసెలు చేసి పంపేది. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు పొయ్యి ముందు కూచోలేకపోతోంది. పోయినేడు నేను చేస్తే సగం నూనెలో విడిపోయాయి, మిగతా సగం పళ్లకు లొంగలేదు. పాకం గురించి ఎవర్నడిగినా "చేత్తో చూస్తే తెలుస్తుంది" అంటున్నారు. నా చేతికి తెలియడం లేదు. ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకుని ఇంట్లో చేయడం అసలు అయ్యే పనేనా? (ఒక తల్లి, రాజోలు)

జ: అవుతుంది తల్లీ, ఒక్కదానివే పూనుకోకపోతే. పాకం దించాక పిండి పోసేవాళ్లొకరు, తెడ్డు తిప్పేవాళ్లొకరు ఉండి తీరాలి. తెడ్డు దగ్గర మీ ఆయన్ని నిలబెట్టు. గట్టి చెయ్యి కావాల్సింది అక్కడే.

నీ ఇబ్బంది సగం పాకంలో ఉంటే సగం పిండిలో ఉందని నా అనుమానం. ముందు పిండి సంగతి. ఈ సార్వాలో వచ్చిన కొత్త బియ్యమే తీసుకో. రాత్రి నానబోసి, పొద్దున్న ఇంకోసారి కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, పల్చటి గుడ్డ మీద కాసేపు ఆరనివ్వు. గుప్పెట పట్టి వదిలితే గింజలు చేతికి అంటుకోవాలి, నీళ్లు మాత్రం అంటకూడదు. ఆ తడి మీదే మర ఆడించాలి. ఇంటికి తెచ్చి జల్లించగానే గిన్నెలో అదిమిపెట్టి తడిగుడ్డ కప్పు. చాలామంది పళ్లెంలో పరిచి వదిలేస్తారు. పాకం వచ్చేలోపు అది కాస్తా ఆరిపోతుంది.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. నీళ్లు ఒక గ్లాసు చాలు, బెల్లం కరగడానికే కదా. కరిగాక వడకట్టు, ఇసకా పిప్పీ ఉంటాయి. పొయ్యి పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకుని ఉడుకుతున్న పాకం ఒక చుక్క వెయ్యి. నీళ్లలో పాకిపోతే ఇంకా లేత. అడుగున నిలిచి, వేలితో దగ్గరికి లాగితే మెత్తటి ఉండగా మారి, పైకి తీసినా జారకుండా, నొక్కితే అణగాలి. అదీ అరిసెల పాకం. ఆ ఉండ పళ్లేనికి తగిలి టంగుమంటే ముదిరిపోయినట్టు, వేరుశనగ అచ్చులకు పనికొస్తుంది. ఈ రెండింటి మధ్యా ఒకటి రెండు నిమిషాలే. ఆ కాసేపు ఫోన్ మోగినా ఎత్తకు.

దించగానే నెయ్యి, నువ్వులు, ఏలకుల పొడి వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ తిప్పండి. తెడ్డు ఎత్తితే చలిమిడి బరువుగా జారాలి. చల్లారితే ఎలాగూ గట్టిపడుతుంది. ఆడించిన పిండంతా పట్టించాలని పంతం పట్టకు, కొంత మిగలనీ. ముందు ఒకే ఒక్క అరిసె వేసి చూడు. నూనెలో విడిపోతుంటే ఆ మిగిలిన పిండి ఓ గుప్పెడు కలుపు. గట్టిగా వస్తుంటే చిన్న బెల్లం ముక్కతో లేతపాకం పట్టి పోసి మర్దించు. సరిచేసుకోవడానికి దారి ఉంది కాబట్టి బెంబేలు పడక్కర్లేదు.

ఇక పిల్లలు. కాగే నూనె దగ్గరికి వాళ్లు రావడానికి వీల్లేదు, అందులో మొహమాటం వద్దు. కానీ వంటింటి గుమ్మంలో నిలబెట్టి "అటు పో" అని పదిసార్లు తరిమితే వాళ్లకు గుర్తుండేది ఆ తరమడమే. అదే చలిమిడిలో పచ్చికొబ్బరి ముక్కలు సన్నగా తరిగి కలిపితే మన పాకుండలు. పొయ్యికి దూరంగా చాప వేసి, వాళ్ల అరచేతులకు నెయ్యి రాసి, గోరువెచ్చని చలిమిడి ముద్ద ముందు పెట్టు. పోయినేడు మా మనవడు చేసినవాటిలో ఒకటి గోళీ అంత, ఒకటి నిమ్మకాయంత. మా కోడలు అన్నీ ఒక్క కొలతకు తేబోయింది, నేనే వద్దన్నాను. చిన్నవి ఒక వాయి, పెద్దవి ఇంకో వాయి వేయించాం. పండగ నాలుగు రోజులూ ఇంటికి ఎవరొచ్చినా వాడు డబ్బా తెచ్చి, తన చేత్తో చేసినదేదో వెతికి మరీ పెట్టాడు.

ఇంకొక్క మాట. మీ అమ్మగారిని ఈసారి మీ ఇంటికే తెచ్చుకో. పొయ్యికి పక్కగా కుర్చీ వేసి, నీళ్ల పళ్లెం ఆవిడ ఒళ్లో పెట్టు. ఆవిడ వేలితో తీసిన ఉండ నువ్వూ నొక్కి చూడు. చేత్తో చూస్తే తెలుస్తుందన్నది నిజమే, కాకపోతే మొదటి ఏడు ఆ పక్కన అమ్మ చెయ్యి ఉండాలి.

ప్ర: మా పాపకు పదో నెల. ఈ భోగికి భోగిపళ్లు పోయాలని మా అత్తగారి కోరిక. అందులో ఏముందని మా వారు కొట్టిపారేస్తున్నారు. అంత చిన్నపిల్లకి పోయొచ్చా? (ముమ్మిడివరం నుంచి)

జ: పోయొచ్చు, పోయాలి కూడా. అయితే ఏం పోస్తున్నామో చూసుకుని పోయాలి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

1995 భోగి సాయంత్రం మా అమ్మాయికి పదకొండు నెలలు. వీధిలో పేరంటాళ్లందరూ వచ్చారు. రేగిపళ్లు, చెరుకుముక్కలు, చిల్లర, నానబెట్టిన శనగలు, బంతిపూలు అన్నీ కలిపి ఆనవాయితీగా దోసిళ్లతో పోశాం. గౌను మడతలో పడ్డ శనగ ఒకటి అది నోట్లో పెట్టుకుంది. హారతి పాట అందుకున్నాం, ఎవరమూ చూడలేదు. ఏడవాల్సిన పిల్ల ఏడవడం లేదు, పెదాలు నల్లబడుతున్నాయి. మా మామగారు పరుగున వచ్చి, దాన్ని ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వంచి, రెండు రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా నాలుగైదు చరుపులు చరిచారు. శనగ బయటపడింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. ఈ ముప్పై ఏళ్లలో నేను శనగలు నానబోసిన ప్రతిసారీ ఆ నల్లబడ్డ పెదాలే కళ్లముందు ఆడతాయి.

కాబట్టి పాప తల మీద పోసే పళ్లెం వేరు, పంచిపెట్టే పళ్లెం వేరు. పోసే దాంట్లో బంతిరేకులు, చేమంతిరేకులు నిండుగా వేసి, పెద్దపెద్ద రేగిపళ్లు లెక్కపెట్టి పదకొండు వెయ్యండి. శనగలు, చెరుకుముక్కలు పెద్దపిల్లల పళ్లెంలోకి. చిల్లర గుడ్డలో మూటకట్టి, పాప చుట్టూ దిగదుడిచి, ఎవరికైనా ఇచ్చెయ్యండి. పీట కింద దుప్పటి పరచండి. అయ్యాక పాప గౌను, కూచోబెట్టుకున్నవాళ్ల చీర కుచ్చిళ్లు దులిపి, పదకొండు పళ్లూ తిరిగి లెక్కకు వచ్చాయో లేదో చూడండి. నాలుగేళ్లు నిండేదాకా గింజలు, గుండ్రటి గట్టి పదార్థాలు పిల్లల చేతికి ఇవ్వకూడదు. నోట్లోకి గుడ్డిగా వేలు పెట్టి తీయబోతే ఇంకా లోపలికి వెళ్తుంది. మా మామగారు చేసిన పద్ధతి ఏడాదిలోపు పిల్లలకు డాక్టర్లు నేర్పేదే. పక్కవాళ్లెవరైనా ఆలోపు 108కి ఫోన్ చెయ్యాలి. పెళ్లికి ముందే అమ్మాయిలూ అబ్బాయిలూ ఇది నేర్చుకోవాలంటాను.

మీ వారికి చెప్పు: రేగిపండుకు అర్కఫలమని పేరు, అర్కుడంటే సూర్యుడు. సూర్యుడు దిక్కు మారేముందు ఆయన పండుతో పసివాళ్లను దీవించడమే భోగిపళ్లు. వీధిలో పెద్దవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు వంగి మన పాప నెత్తిన చెయ్యి పెట్టే సాయంత్రం ఏడాదిలో మరొకటి నాకు కనబడదు. ఆయన కూడా ఒక దోసిలి పోస్తే బాగుంటుంది.

ప్ర: నాది కరీంనగర్. పెళ్లై భీమవరం వచ్చి ఐదేళ్లు. మాకు పండగంటే సకినాలు, నువ్వుల ముద్దలు, పతంగులు. ఇక్కడ అన్నీ అత్తవారి పద్ధతే. వాళ్లు మంచివాళ్లు, నాకేం లోటు లేదు. కానీ నాలుగేళ్ల నా బిడ్డకు మా దిక్కు పండగ తెలవకుండానే పోతదేమో అని మనసుకు కష్టంగా ఉంటది. (భీమవరం)

జ: నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మీ అత్తగారు అరిసెలకు పిండి ఆడిస్తారు కదా, అందులోంచి రెండు కిలోలు నీకు తీసిపెట్టమను. సకినాలకూ కొత్త బియ్యపు తడిపిండే కావాలి. బెల్లం బదులు ఉప్పు, వాము, దండిగా నువ్వులు. మా బడిలో పని చేసిన ఒక జగిత్యాల అమ్మాయి నాకు నేర్పబోయింది. తెల్లగుడ్డ మీద వేళ్లతో పిండిని మెలితిప్పుతూ చుట్లు చుట్టడం ఎంత ఓపిక పనో అప్పుడు తెలిసింది. నాకు ఒక్క చుట్టూ నిలవలేదు, ఆవిడ చేతిలో నాలుగు చుట్లు ఒక్క తీగలా తిరిగేవి. మీ అత్తగారికి ఆ మెలిక చూపించు. మీ పాప ఇద్దరి మధ్యా కూచుంటుంది. నాయనమ్మ చేతిలో అరిసె, అమ్మ చేతిలో సకినం, రెండూ ఒకే పిండిలోంచి రావడం అది కళ్లారా చూస్తుంది.

మా గొబ్బెమ్మ సంగతి కూడా చెబుతాను. మధ్యనున్న పెద్దదాన్ని గౌరమ్మగానో గోదాదేవిగానో, చుట్టూ చిన్నవాటిని గోపికలుగా తలుస్తాం. పేడ ముట్టుకోవడం నీకు ఇబ్బందైతే ముద్దలు వాళ్లు చేస్తారు, పైన గుమ్మడిపువ్వు గుచ్చడం నువ్వూ పాపా చెయ్యండి. పతంగి కూడా వదలొద్దు. కోతలైన చేలు పక్కనే ఉన్నాయి, పుట్టింటి నుంచి మేనమామను పిలిస్తే ఎగరేయడం వాడే నేర్పుతాడు. మాంజా దారం మాత్రం వద్దు, మామూలు నూలుదారం చాలు.

ప్ర: మా ఎదురింట్లో క్రిస్మస్ నక్షత్రం కట్టారు. మా ఆరేళ్లవాడు మనింటికీ కట్టమని మారాం చేస్తున్నాడు. మా అత్తగారికి ఇష్టం లేదు. వాడికి ఏం చెప్పాలి? (నరసాపురం)

జ: నరసాపురానికి పందొమ్మిదో శతాబ్దంలోనే మిషనరీలు వచ్చారు. మీ ఊరి ఆడవాళ్ల లేసు అల్లికలు వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు నేర్పిన విద్యే. అన్ని మతాల ఇళ్ల అరుగుల మీదా ఆ కొక్కెపు సూది ఆడింది. మీ అత్తగారు కూడా అల్లి ఉంటారని నా నమ్మకం. ఆవిడ మనసు నొప్పించి నక్షత్రం కట్టనక్కర్లేదు, పిల్లాడి ఆశ చంపనూ అక్కర్లేదు. వాడి చేత ఒకటి చేయించి ఎదురింటి పిల్లలకు ఇప్పించు.

సమానంగా చీల్చిన వెదురుబద్దలు పది కావాలి. ఐదింటితో ఒక నక్షత్రం, ఇంకో ఐదింటితో మరొకటి కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ ముడెయ్యాలి. లోపల బద్దలు కలిసే ఐదు చోట్లా బెత్తెడు పుల్లలు అడ్డంగా నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. పైన రంగు కాగితం, లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు. కొవ్వొత్తి పెట్టొద్దు. నేను పని చేసిన బడిలో ఒక క్రైస్తవ టీచరు ఉండేది, ముప్పై ఏళ్ల స్నేహం మాది. డిసెంబరు 25 మధ్యాహ్నం వాళ్లింటి నుంచి కేకు వచ్చేది, జనవరిలో మా ఇంటి నుంచి పాకుండలు వెళ్లేవి. మా ఇద్దరి పిల్లలూ ఆ డబ్బాలు మోయడానికి పోటీ పడేవారు. ఎదురింటి పిల్లవాడు భోగినాడు మీ మంటలో ఒక పిడక వేస్తానంటే వెయ్యనియ్యండి.

ప్ర: మాది పుల్లేటికుర్రు, ఉద్యోగం హైదరాబాదులో. ఐదేళ్ల తర్వాత పండక్కి ఊరొస్తున్నాం. నాలుగేళ్ల మా అమ్మాయికి జగ్గన్నతోట తీర్థం చూపించాలని ఉంది. అంత జనంలో చిన్నపిల్లను తీసుకెళ్లొచ్చా? (హైదరాబాదు నుంచి)

జ: మీ ఊరి ప్రభ కూడా ఆ పదకొండింటిలో ఒకటి కదండీ! వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, మొసలపల్లి, మీ పుల్లేటికుర్రు. కనుమనాడు ఈ వెదురు ప్రభల మీద పదకొండు ఊళ్ల రుద్రులు వచ్చి కొబ్బరితోటలో ఒకచోట కలుస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం పంపిన శకటం ఈ ప్రభల తీర్థమే. అప్పుడు మా వీధిలో టీవీ ముందు చేరినవాళ్లం ఆడా మగా కళ్లు తుడుచుకున్నాం.

కానీ మీ అమ్మాయికి అసలైన భాగం తోటలో దొరకదు. ప్రభ కట్టేచోట దొరుకుతుంది. కనుమకు రెండు రోజుల ముందే ఊరు చేరండి. వెదురు వంచి కట్టడం, రంగు గుడ్డలు చుట్టడం, వరికంకులూ గంటలూ కట్టడం దగ్గరుండి చూపించండి. ఒక చిన్న గంట దాని చేత కట్టించమని అడగండి, పెద్దవాళ్లు కాదనరు. కనుమ పొద్దున్న మీ వీధిలోంచి ప్రభ లేస్తుంటే "శరభా శరభా" కేకలు విననివ్వండి. పచ్చటి దాళ్వా చేల మీదుగా ప్రభ వెళ్తుంటే రైతు అడ్డుచెప్పడు, స్వామి తొక్కిన చేను పండుతుందంటాడు. ఆ దృశ్యం మీ చేను గట్టు మీద నిలబడి చూపించొచ్చు.

తోటకు వెళ్తే మధ్యాహ్నం ఒంటిగంటలోపే వెళ్లి, జనం చిక్కబడకముందే బయటపడండి. గంగలకుర్రు దగ్గర ప్రభలు కౌశిక కాలవ నీళ్లలో దిగి దాటే చోటికి మాత్రం నాలుగేళ్ల పిల్లతో వద్దు, ఒడ్డున తోపులాట ఎక్కువ. మీ ఫోన్ నంబరు రాసిన కాగితం గౌను జేబులో పెట్టి పిన్నీసు గుచ్చండి. బాణసంచా మోతకు చెవులకు దూది పెట్టండి. భుజం మీద ఎక్కించుకోండి. మా నాన్నగారి భుజం మీంచి నేను మొదటిసారి చూసింది ఐదో ఏట. ప్రభ కంటే ముందు ఆయన తలపాగా వాసన గుర్తొస్తుంది నాకు, కొత్త గుడ్డా గంధమూ కలిసిన వాసన.

ప్ర: టీచరుగారూ నమస్తే. నేను నాలుగో తరగతి. సంక్రాంతి ఒక ఏడు 14న, ఒక ఏడు 15న ఎందుకు వస్తుంది? మా నాన్నని అడిగితే పంచాంగంలో అలా ఉంది అన్నారు. (కొత్తపేట)

జ: నాన్న చెప్పింది నిజమే నాన్నా, పంచాంగం అలా ఎందుకుందో నేను చెబుతాను. నక్షత్రాల లెక్కలో సూర్యుడు మళ్లీ అదే చోటికి రావడానికి 365 రోజుల ఆరు గంటల తొమ్మిది నిమిషాలు పడుతుంది. మన క్యాలెండరు 365 రోజులకే ఏడాది అనేస్తుంది. అందుకని మకరరాశిలోకి వెళ్లే ఘడియ ఏటా ఆరు గంటల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. నాలుగేళ్లకోసారి ఫిబ్రవరి 29 వచ్చి దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ ఘడియ పొద్దుపోయాక పడిన ఏడు పండగ మర్నాటికి వెళ్తుంది. వెనక్కి లాగినా ఆ చిల్లర నిమిషాలు మిగిలిపోతాయి, పైగా 1900 లాంటి ఏళ్లలో ఫిబ్రవరి 29 రాదు; రెండూ కలిసి సుమారు డెబ్భై ఏళ్లకు ఒక రోజు చొప్పున పండగే ముందుకు జరుగుతుంది. వివేకానందుడు పుట్టింది సంక్రాంతినాడే. తారీఖు చూడు: 1863 జనవరి 12.

నీకొక పని. రోజూ కాకపోయినా ప్రతి ఆదివారం మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి మీ అరుగు స్తంభం నీడ కొసన సుద్దతో గీత గియ్యి. డిసెంబరు 22 దాటాక నీడ పొట్టిదవుతూ వస్తుంది. ఉగాది దాకా గీసి నాకు రాయి.

ప్ర: తణుకులో ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. పండగ నాలుగు రోజులూ పద్నాలుగు మంది చుట్టాలు. మగవాళ్లు పొద్దున్నే పందేల బరికి వెళ్లి రాత్రికి వస్తారు. ఈసారి ఎనిమిదేళ్ల బాబునీ తీసుకెళ్తామంటున్నారు. వంటింట్లోంచి బయటపడేసరికి కనుమ వెళ్లిపోతుంది. పండగంటేనే భయమేస్తోంది. (పేరు వద్దు)

జ: నీ భయం నాకు తెలుసు తల్లీ. పదిహేనేళ్లు నేనూ సంక్రాంతి ముగ్గు చూడలేదు, వేరేవాళ్లు వేసిన ముగ్గు మీంచి నీళ్లబిందెతో నడిచి వెళ్లడమే. నా కోడలికి ఆ గతి పట్టనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

మా ఇంట్లో భోగికి ముందు ఆదివారం అందరం కూచుని పని పంచుకుంటాం, కాగితం మీద రాసి గోడకు అంటిస్తాం. మినపప్పు నానబోయడం, రుబ్బడం, గారెలు వెయ్యడం మా అబ్బాయి పని. కంద చెక్కు తీయడం కూడా వాడిదే. నేను పనసపొట్టు, గుమ్మడికాయ దప్పళం. అరిటాకులు తుడిచి పరచడం, మంచినీళ్లు పెట్టడం మనవడిది. కోడలికి కనుమ మధ్యాహ్నం ఏ పనీ రాయం. ఆ పూట అది తలుపేసుకుని నిద్రపోతుంది, చంటిది ఏడ్చినా మేమే చూసుకుంటాం. తీపి అంతా ఇంట్లో చెయ్యాలని కూడా లేదు. ఆత్రేయపురంలో ఆడవాళ్లు కుండ బోర్లించి ఒక్కొక్క రేకూ తీసి చుట్టిన పూతరేకులు, తాపేశ్వరం కాజాలు తెచ్చుకోండి. అవీ మన చేతుల పనే.

ఇక మీ ఆయనకు. బాబూ, ఈ పేజీ మీరు చదువుతారని రాస్తున్నాను. కోడిపందేలు నేరమని 1960 నాటి జంతుహింస చట్టం చెబుతోంది, అది మీకూ తెలుసు. నేను బడి సంగతి చెబుతాను. ఒక ఏడు సెలవలయ్యాక పిల్లల చేత బొమ్మలు గీయించాను. ఒకటో తరగతి పిల్లాడొకడు తెల్లకోడిని చక్కగా గీసి, దాని మీదంతా ఎర్రరంగు పూశాడు. ఏమిటి నాన్నా అంటే నోరు విప్పలేదు. ఆ వారమంతా మధ్యాహ్న భోజనంలో గుడ్డు పక్కన పెట్టేశాడు. మీ అబ్బాయిని దయచేసి అక్కడికి తీసుకెళ్లకండి. కనుమ పొద్దున్న ఏ పశువుల సావిడికైనా తీసుకెళ్లండి. ఎద్దును కడిగి, కొమ్ములకు రంగేసి, మెడలో దండ వేసే పని వాడికివ్వండి. మీరు పక్కన ఉండండి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ఇద్దరూ గారెలు వెయ్యండి, ఆవిడ కూచుని తింటుంది.

ప్ర: ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మలు పిడకలు చేసి భోగి దండ కడుతున్నాం. ఎన్నో మిగిలిపోతున్నాయి. పారేయడానికి మనసొప్పదు. (ఒక నాయనమ్మ, పాలకొల్లు)

జ: పారేయకండి వదినగారూ, రథసప్తమికి దాచండి. మాఘ శుద్ధ సప్తమి ఎంతో దూరం లేదు. గోనెసంచిలో వేసి అటక మీద పెట్టండి, మంచు తగిలితే రగలవు. ఆ పొద్దున్న పిల్లలకు జిల్లేడాకులూ రేగిపండూ నెత్తిన పెట్టి తలంటు పోస్తాం కదా, జిల్లేడాకు తొడిమ పాలు ముందే బాగా కడిగెయ్యండి. కంట్లో పడితే ప్రమాదం. మా మనవడికి నేను ఆకు తాకించి వెంటనే తీసేస్తాను. తులసికోట దగ్గర ఎండ పడేచోట పిడకలు పేర్చి, ఇత్తడిగిన్నెలో పాలు పెట్టండి. కొత్త బియ్యం మెత్తగా ఉడికాక, గిన్నె కిందికి దించాక బెల్లం కలపండి, పాలు విరగవు. చిక్కుడుకాయలకు కొబ్బరిపుల్లలు గుచ్చి రథం చేసే పని మనవలకు వదిలెయ్యండి. మా వాడు పోయినేడు మూడు చక్రాలే పెట్టాడు. అలాగే ఎండలో నిలబెట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం వడ్డించి నైవేద్యం పెట్టాం. ఈసారి నాలుగోది కూడా పెడతానని ఇప్పటి నుంచే పాదు దగ్గరికెళ్లి లావుపాటి కాయలు చూసుకుంటున్నాడు.